శాంట్రోకి ఆయుధపూజ

పోయినవారం మనం జానకీదేవిని నేపాల్ కొండల్లో ఒక లాడ్జి ముందు రాతి అరుగుమీద కూర్చోబెట్టి వచ్చేశాం. ఆవిడ ఇంకా అక్కడే కూర్చుని ఉంది. సరిహద్దు దాటిన సంబరం తీరకముందే, ఎదురొచ్చిన బాతుల గుంపును తప్పించబోయి కోడలు వాసవి కారు వెనక చక్రాన్ని కాలవలోకి దింపింది. దారినపోయే బస్సువాళ్ళు దిగి కారును ఎత్తి రోడ్డుమీద పెట్టారు. అందరూ బురదకాళ్ళతో ఈ లాడ్జికి చేరగానే జానకీదేవి తీర్పు చెప్పేసింది.

"రేపటినించీ బండి నా కొడుకు నడుపుతాడు. లేదంటే నేను బస్సెక్కి వైశాలి వెళ్ళిపోతా."

ఈ తీర్పులో ఒక చిక్కుంది. ఆవిడ కొడుక్కి కారు నడపడం రాదు.

రాదన్న సంగతి వాసవికి తెలుసు, కూతురు ప్రీతికి తెలుసు, ఢిల్లీ పక్కన వైశాలిలో వాళ్ళ అపార్టుమెంటు వాచ్‌మన్‌కి కూడా తెలుసు. తెలియనిది కన్నతల్లికే. ఆ కొడుకు రఘురామ్, ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులుండే శాస్త్రి భవన్‌లో సెక్షన్ ఆఫీసరు. ఉద్యోగంలో చేరిన నాటినించీ చార్టర్డ్ బస్సులో కిటికీ పక్క సీటు పట్టుకుని, కునికిపాట్లు పడుతూ ఆఫీసుకు వెళ్ళొచ్చినవాడు. ఈ శాంట్రో కొన్నది వాసవి, నోయిడాలో తన సాఫ్ట్‌వేర్ జీతంతో. నేర్చుకున్నదీ ఆవిడే. కానీ కారు ఇంటికొచ్చిన రోజున రఘురామ్ స్టీరింగు ముందు కూర్చుని ఫొటో దిగి తెనాలికి పంపాడు. తల్లి దాన్ని వీధి వీధంతా తిప్పి చూపించింది. ఆ తర్వాత నిజం చెప్పడానికి మంచి ముహూర్తం కుదరలేదు. తల్లి నిరుడు వచ్చి వాళ్ళతోనే ఉండిపోయాక కూడా, ఆఫీసు అలసటనీ, నడుం నొప్పనీ, వాసవికి నడపడం సరదా అనీ ఏదో ఒక వంకతో నెట్టుకొస్తున్నాడు.

వాసవి బాధ వేరు. తను కష్టపడి కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు ఆ కారు. పోఖరా దాకా తనే నడపాలని ఆర్నెల్లుగా కలలు కంటోంది. ఇప్పుడు ఆ స్టీరింగు దగ్గరినించి తనను లేవమంటున్నారు. పోనీ, బాతుల సంగతికి కోపం వచ్చిందంటే అర్థం ఉంది. కానీ వైశాలిలో బయల్దేరినప్పటినించీ ఇంతే. తను కారు స్టార్టు చేయడం ఆలస్యం, వెనకసీట్లో అత్తగారు గట్టిగా కళ్ళు మూసుకుంటుంది. మళ్ళీ కారు ఆగాకే తెరుస్తుంది. అద్దంలో ఆ మూసిన కళ్ళు చూసినప్పుడల్లా వాసవికి గుండెలో ముల్లు గుచ్చినట్టయ్యేది.

"రేపు మహర్నవమి," అంది జానకీదేవి అరుగుమీదినించి. "ఇంటిదగ్గరుంటే సుబ్బరంగా బండికి ఆయుధపూజ చేసుకునేవాళ్ళం. పూజా పునస్కారం లేకుండా బయల్దేరితే కాలవలోకి కాక కైలాసానికి వెళ్తుందా?"

వాసవి ఆ మాటను ఠక్కున పట్టుకుంది. "పూజ చేయిస్తే నేను నడపొచ్చా అత్తయ్యా?"

"ముందు పూజ కానీ. తర్వాత చూద్దాం."

అత్తగారి భాషలో తర్వాత చూద్దామంటే సగం ఒప్పుకున్నట్టే. వాసవి లాడ్జి యజమానురాలి దగ్గరికి పరుగు తీసింది.

ఆవిడ పేరు దిల్‌మాయ. లక్నోలో చాలాకాలం ఉండి వచ్చిన మనిషి కాబట్టి హిందీ గలగలా మాట్లాడుతుంది. అత్తగారి ఈడుదే అయినా డ్రైవర్లూ కండక్టర్లూ అందరికీ ఆవిడ దీదీయే.

"దీదీ, రేపు మా బండికి పూజ చేయించాలి. ఇక్కడ చేస్తారా?"

దిల్‌మాయ నవ్వింది. "చేస్తారా అని అడుగుతున్నావా? రేపు పూజ చేయని బండి నేపాల్‌లో ఉండదమ్మా. ఈ బస్సులన్నీ ఇక్కడ ఆగింది అందుకే. మీరు అతిథులు. మొదటి పూజ మీ బండికే."

"మా అత్తగారు చూస్తారు. ఏ లోటూ రాకూడదు. మీ పద్ధతి ప్రకారం పూర్తిగా జరగాలి."

"పూర్తిగా అంటే, పూర్తిగానా?"

"పూర్తిగానే. దేనికీ వెనకాడొద్దు."

దిల్‌మాయ కళ్ళు చెమర్చాయి. ఆవిడే వాసవి రెండు చేతులూ పట్టుకుంది. "మీ దేశంనించి ఎంతోమంది వచ్చారు. ఇలా అడిగి చేయించుకున్నవాళ్ళని చూడలేదు," అంది.

అక్కడ వాసవికి అనుమానం రావాలి. రాలేదు. ఆవిడ బుర్రలో ఉన్నది తెనాలి పూజ. పసుపూ కుంకుమా, బంతిపూల దండా, ఒక గుమ్మడికాయ. పూర్తిగా అంటే కాస్త పెద్ద గుమ్మడికాయ అనుకుని నిశ్చింతగా వెళ్ళి పడుకుంది.

తెల్లారేసరికి లాడ్జి ముందున్న వాకిలి పెళ్ళివారిల్లు అయిపోయింది. కడిగిన బస్సులు దండలు వేసుకుని వరసగా నిలబడ్డాయి. వాటన్నిటికీ ముందు, రోడ్డువైపు ముఖం పెట్టి, యూపీ నంబరు శాంట్రో. దాని ముందు బంపరుకి ఒక నల్ల మేక కట్టేసి ఉంది. మేక మెళ్ళో కూడా బంతిపూల దండ.

"మమ్మీ, యే బక్రా హమారీ గాడీ సే క్యోఁ బాఁధా హై?" అని అడిగింది ప్రీతి. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి హిందీయే వస్తుంది.

"అటూ ఇటూ తిరక్కుండా కట్టుంటార్లే," అంది వాసవి.

జానకీదేవి అప్పటికే ఆ చన్నీళ్ళతో తలారా స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, మేకతో స్నేహం కలిపేసింది. దాని నుదుట ఇంత కుంకుమ పెట్టింది. దారికని తెచ్చుకున్న పులిహోర డబ్బా తెచ్చి ముద్దలు కలిపి పెడుతోంది. మేక ఆవురావురుమని తింటోంది.

"చూశావా అమ్మాయ్," అంది కోడలితో. "ఈ దేశంలో బండితోపాటు మేక్కి కూడా పూజ చేస్తారు. మనకేదీ ఇంత భక్తి?"

ప్రీతి అప్పుడే దానికి షేరూ అని పేరు కూడా పెట్టేసింది. అత్తగారి ముఖంలో ఆ ప్రసన్నత చూసి వాసవికి రొట్టె విరిగి నేతిలో పడ్డట్టే అనిపించింది. పోఖరా కళ్ళముందు కదిలింది. అదే ఊపులో మంచినీళ్ళు పట్టుకుందామని కుళాయి దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఒక బస్సు కండక్టరు కూర్చుని, వంకర తిరిగిన పెద్ద కత్తిని రాతిమీద నూరుతున్నాడు.

"కొబ్బరికాయకా భయ్యా?" అని అడిగింది వాసవి.

అతను గడ్డంతో మేకవైపు చూపించాడు. "ఒక్క దెబ్బే మేడమ్. రక్తం ముందు చక్రాలమీదా బానెట్‌మీదా చల్లుతాం. ఇక ఏడాదిపాటు మీ బండికి ఏ ప్రమాదం రాదు. మాకందరికీ కోడితోనో గుడ్డుతోనో సరిపెట్టేస్తోంది దీదీ. పెద్దపూజ మీదొక్కటే. మీరు పూర్తిగా అన్నారటగా."

వాసవికి పై ప్రాణాలు పైనే పోయాయి. కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా గుమ్మం దాటి లోపలికి రాని ఇల్లు వాళ్ళది. అత్తగారి కళ్ళముందు, అత్తగారు బొట్టు పెట్టి పులిహోర తినిపించిన మేకని, తన ఆర్డరుమీద. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఎవరికో అయినప్పుడు నవ్వుకుంది గానీ, తన నోట్లోనే ఊడుతుందనుకోలేదు.

రఘురామ్ పళ్ళు తోముకుంటున్నాడు. వాసవి గబగబా సంగతి చెప్పింది. అతను నోట్లో నురగతోనే శాస్త్రి భవన్‌లోకి వెళ్ళిపోయాడు.

"ఇప్పుడు వద్దంటే వాళ్ళ మనోభావాలు దెబ్బతింటాయి. వద్దనకపోతే అమ్మ మనోభావాలు దెబ్బతింటాయి. రెండు పక్షాలనీ కూర్చోబెట్టి..."

"మేక మూడో పక్షమండీ."

"అదీ నిజమే," అని ఒప్పుకుని అతను పుక్కిలించి ఉమ్మాడు. "చూడు వాసూ, ఆర్డరు వేసింది నువ్వు, రద్దు చేయాల్సిందీ నువ్వే. ఈ ఫైలు నా టేబుల్‌మీదికి రానేలేదు."

ఇక ఆ మనిషితో లాభం లేదని వాసవి దిల్‌మాయని పక్కకి పిలిచింది. మేము మాంసం ముట్టమనీ, రక్తం చూడలేమనీ, తెలియక అన్నాననీ బతిమాలింది. దిల్‌మాయకి కోపం రాలేదు, భయం వేసింది.

"అమ్మవారికి చెప్పేశానమ్మా. మీ బండి పేరు చెప్పి దండ వేసేశాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే మీ బండికీ మంచిది కాదు, నా ఇంటికీ మంచిది కాదు."

"ఇంకే దారీ లేదా దీదీ?"

దిల్‌మాయ మేకవైపు చూసింది. "నీళ్ళు చల్లుతాం. మేక ఒళ్ళు విదిలించిందంటే అమ్మవారు ఒప్పుకున్నట్టు. మూడుసార్లు చల్లినా విదల్చకపోతే తనకి వద్దన్నట్టు. అప్పుడు వదిలేస్తాం. కానీ నేను లాడ్జి పెట్టినప్పటినించీ విదల్చని మేకని చూళ్ళేదమ్మా."

ఈలోగా బస్సు ప్రయాణికులంతా చుట్టూ మూగారు. జానకీదేవి మొదటి వరసలో చేతులు జోడించి లలితానామాలు చదువుతోంది. దిల్‌మాయ ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి, మంత్రం చెప్పి, మేక వీపుమీద చల్లింది. మేక కళ్ళు ఆర్పింది. అంతే.

"పాపం, ఈ చలిలో దానికి నీళ్ళెందుకు?" అంది జానకీదేవి.

రెండోసారి చల్లింది. మేక కడుపు పులిహోరతో నిండి ఉంది. మధ్యాహ్నం భోజనం చేసి ఫైలు ముందు కూర్చున్న గుమాస్తాలా మత్తుగా నిలబడింది. వెనక ఒక బస్సు డ్రైవరు విసుగెత్తి హారన్ కొట్టాడు. మేక చెవి టప్‌మని అదిరింది. జనం గోలగా అరిచారు, కండక్టరు కత్తి ఎత్తాడు.

"చెవి లెక్కలోకి రాదు," అంది దిల్‌మాయ.

వస్తుందని కొందరు, రాదని కొందరు. అక్కడికక్కడే రెండు పార్టీలయిపోయాయి. రఘురామ్‌కి ఇలాంటి చర్చ కనిపిస్తే కాలు ఆగదు. ముందుకు తోసుకొచ్చి, "రూలులో ఒళ్ళు అని ఉన్నప్పుడు చెవి ఒంట్లో భాగమా కాదా అన్నది ముందు తేల్చాలి," అన్నాడు హిందీలో. వాసవి చూసిన చూపుకి మిగతా వాక్యం మింగేశాడు.

కానీ జానకీదేవి అప్పటికే ఎత్తిన కత్తిని చూసింది. కత్తినించి మేకవైపూ, మేకనించి కోడలివైపూ చూసింది.

"అమ్మాయ్. ఆ కత్తి దేనికి?"

వాసవి ఇక దాచి లాభం లేదని చెప్పేసింది.

"ఇది వాళ్ళంతట వాళ్ళు పెట్టుకున్నదా, నువ్వు చెప్పి చేయిస్తున్నదా?"

"నేనే చెప్పానత్తయ్యా. ఏ లోటూ రాకూడదని చెప్పాను. ఇలా అవుతుందని తెలీదు." అక్కడితో ఆపుదామనుకుంది గానీ ఆగలేదు. ఎన్నాళ్ళనించో లోపల కుక్కుకున్నది అంతమంది ముందూ బయటికొచ్చేసింది. "మీ కోసమే చెప్పాను. వైశాలినించి ఇక్కడిదాకా నేను నడుపుతుంటే మీరు ఒక్కసారైనా కళ్ళు తెరిచారా? నా చేతిలో మీ ప్రాణాలకి అంత భయమా? రోజూ నోయిడా దాకా ఆ ట్రాఫిక్‌లో వెళ్ళొస్తున్నాను, ఒక్క గీత పడలేదు. పూజయ్యాకైనా మీరు కళ్ళు తెరిచి కూచుంటారని ఆశపడ్డాను."

అనేశాక ఏడుపొచ్చింది. ప్రీతి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది.

జానకీదేవి మేక మెళ్ళోని దండ సర్దింది. తర్వాత గొంతు తగ్గించి అంది.

"భయమెవరికే? కార్లో కళ్ళు తెరిస్తే నాకు కడుపులో తిప్పుతుంది. ఈ కొండల్లో మరీనూ. కళ్ళు మూసుకుని రామా రామా అనుకుంటే కాస్త నయం."

వాసవి తెల్లబోయింది. "మరి చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"చెప్తే వీడు నన్ను తీసుకొస్తాడా? పైవాటాలో తాయారమ్మగారి దగ్గర దింపేసి మీరు ముగ్గురూ వచ్చేద్దురు. ఆవిడ పొద్దస్తమానం కోడలిమీద చెప్తూనే ఉంటుంది. వినలేక చస్తున్నా. నాకూ దేశం చూడాలనుండదూ?"

"మరి నిన్న, నా కొడుకే నడపాలని అన్నారుగా?"

"వాడైతే నెమ్మదిగా తీసుకెళ్తాడు, కడుపు కదలదనుకున్నా. ఆఫీసు పనే అంత నెమ్మదిగా చేసేవాడాయె."

వాసవికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కలిసే వచ్చాయి. ఇన్నాళ్ళూ అద్దంలో చూసి తను కుమిలిపోయిన ఆ మూసిన కళ్ళ వెనక ఉన్నది ఇదా అనుకుంది. ఈ మనిషి, తనను ఎక్కడ వదిలేసి వెళ్తారో అన్న బెంగతో వాంతిని దిగమింగుకుంటూ ఇంతదూరం వచ్చింది. వాసవి అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పులిహోర నూనెతో జిడ్డుగా ఉంది.

దిల్‌మాయ చెంబు పట్టుకుని వచ్చి నిలబడింది. మూడోసారి మిగిలి ఉంది.

"చల్లొద్దని చెప్పనా అత్తయ్యా?"

"తప్పు. అమ్మవారికి ఇస్తానన్నాక మాట తప్పకూడదు. అడుగుతుందో లేదో అమ్మవారినే తేల్చనీ," అంది జానకీదేవి. అని, కొంగు నడుముకి దోపి మేక పక్కన నిలబడి దాని మెడమీద చెయ్యి వేసింది. మెల్లిగా నిమరసాగింది.

ఆ చెయ్యి అక్కడ ఉండొచ్చా లేదా అన్నది చెప్పాల్సింది దిల్‌మాయ. ఇద్దరు పెద్దవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. దిల్‌మాయ తలతిప్పి ఎదురుగా ఉన్న కొండవైపు చూస్తూ నీళ్ళు చల్లింది.

మేక కళ్ళు మూసుకుని సావకాశంగా ఒక త్రేన్పు త్రేన్చింది. ఒళ్ళు మాత్రం కదపలేదు.

"అమ్మవారు వద్దంది," అని దిల్‌మాయ గట్టిగా ప్రకటించింది. జనం చప్పట్లు కొట్టారు. కండక్టరు దిగులుగా కత్తి ఒరలో పెట్టుకున్నాడు. దిల్‌మాయ లోపలికి వెళ్ళి పెద్ద బూడిదగుమ్మడికాయ ఒకటి మోసుకొచ్చి బానెట్ ముందు పెట్టింది. వాసవి ఆశ్చర్యపోయి చూసింది.

"మాలోనూ మాంసం తిననివాళ్ళు ఉంటారమ్మా. వాళ్ళకి దీన్నే కొడతాం," అంది దిల్‌మాయ. "నిన్ననే చెప్పుంటే సరిపోయేది. పూర్తిగా అన్నావు కదా అని."

గుమ్మడికాయ పగిలింది. కుంకుమ పడింది. జానకీదేవి తృప్తిగా హారతి కళ్ళకద్దుకుంది. అంతటితో అయిపోయిందనుకుంటే దిల్‌మాయ మేక తాడు విప్పి తెచ్చి రఘురామ్ చేతిలో పెట్టింది. అమ్మవారు వద్దన్న మేకని తన ఇంట్లో ఉంచుకోదట. బండి ఎవరిదో మేకా వాళ్ళదే.

"మాది మూడో అంతస్తండీ," అన్నాడు రఘురామ్ నీరసంగా. ప్రీతి మాత్రం షేరూని కావలించుకుని కారు వెనక తలుపు తీసేసింది.

జానకీదేవి సీట్లు పంచింది. "అమ్మాయ్, బండి నువ్వే నడుపు. నేను నీ పక్కన ముందు కూచుంటా. ముందు కూచుంటే తిప్పదని ఆ బస్సతను అన్నాడట, ప్రీతి చెప్పింది. ఒరేయ్ రఘూ, నువ్వు వెనక మేకని పట్టుకో."

ఈ మాట కోసం వాసవి ఇంకో పది మేకల్నయినా వైశాలి మోసుకెళ్ళడానికి సిద్ధమే. స్టీరింగు ముందు కూర్చుని తాళంచెవి పెట్టింది. హాయిగా ఊపిరి పీల్చుకుంది. అప్పుడే గుమ్మంలోంచి దిల్‌మాయ పిలిచింది. వెళ్ళేముందు నుదుట బొట్టు పెట్టించుకుని వెళ్ళమంది. కాదనలేక వాసవి దిగి లోపలికి వెళ్ళింది.

ఆవిడ అటు వెళ్ళగానే కండక్టరు కారు దగ్గరికొచ్చి, ముందుకు జరపమని చెయ్యి ఊపాడు. "సాబ్, మీ పూజ అయిపోయిందిగా. బండి కాస్త ముందుకు తీస్తే మా బస్సు జరుపుకుంటాం."

"మేడమ్ వస్తోంది. ఒక్క నిమిషం," అన్నాడు మేక పక్కనించి రఘురామ్.

"దానికి వాసవి దేనికిరా?" అంది ముందుసీట్లోంచి జానకీదేవి. "నాలుగడుగులేగా, నువ్వు జరిపెయ్యి. నువ్వు నడుపుతుంటే పక్కన కూచోవాలని నాకు ఎన్నాళ్ళనించో ఉంది."

అప్పుడైనా అతను నిజం చెప్పేసి ఉంటే ఈ కుటుంబం సుఖంగా కొండ దిగేది. రఘురామ్ కండక్టరుని చూశాడు. కిటికీల్లోంచి చూస్తున్న ప్రయాణికుల్ని చూశాడు. ముందుసీట్లోంచి తనవైపు తిరిగి మురిపెంగా ఎదురుచూస్తున్న తల్లి ముఖం చూశాడు. దిగి వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"పాపా, ప్లీజ్ మత్ కరో," అంది ప్రీతి వెనకనించి.

లోపల దిల్‌మాయ బొట్టు పెడుతుండగా ఇంజను గొంతు చించుకున్న చప్పుడు వినిపించింది. తన కారు అలా అరవడం వాసవి ఇంతవరకు వినలేదు. ఆ నేపాలీ బొట్టులోని బియ్యపుగింజలు అంటిన నుదుటితో గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది.

ఇన్నేళ్ళుగా భార్య పక్కన కూర్చుని చూసినవాటిలో రఘురామ్‌కి కచ్చితంగా గుర్తున్నది ఒక్కటే, కదిలేముందు హ్యాండ్‌బ్రేకు దించాలని. దించాడు. లాడ్జి వాకిలి రోడ్డుదగ్గర ఎత్తుగా ఉండి, లోపలికి వచ్చేకొద్దీ పల్లం. శాంట్రో మెల్లగా కదిలింది. వెనక పూలదండలు వేసుకుని నిలబడ్డ బస్సు ముందునించి జనం చెల్లాచెదరయ్యారు. "బ్రేకండీ, మధ్యలోది" అని అరుస్తూ వాసవి చెప్పుల్లేని కాళ్ళతో పరుగెత్తింది. అతను ఏదో తొక్కాడు. ఇంజను ఇంకా గట్టిగా అరిచింది, కారు ఇంకాస్త జోరందుకుంది.

తెరిచిన అద్దంలోంచి జానకీదేవి గొంతు వాకిలంతా స్పష్టంగా వినిపించింది.

"ఒరేయ్ రఘూ, మనం ముందుకు కదరా వెళ్ళాలి?"